ఏమీ తినలేదండి

కాకినాడలోని ఒక పిల్లల పళ్ళ ఆసుపత్రిలో మత్తు డాక్టరుగారికి సహాయకురాలిగా వీరవేణి అనే ఆమె పనిచేస్తూ ఉండేది. ఆమె పనికి వంక పెట్టగలిగినవారు లేరు, ఆమె నోటి ముందు నిలబడగలిగినవారూ లేరు.

పళ్ళ ఆసుపత్రిలో మత్తుతో పనేమిటని మీరు అడగవచ్చు. పెద్దవాళ్ళమైతే కుర్చీలో కూర్చుని, పిడికిళ్ళు బిగించుకుని, నోరు తెరిచి ఎలాగో ఓర్చుకుంటాం. నాలుగేళ్ళ పిల్లవాడు ఎందుకు ఓర్చుకుంటాడు? రాత్రిళ్ళు పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయి, పగలంతా చాక్లెట్లు చప్పరించి, నోటినిండా పుచ్చుపళ్ళు తెచ్చుకున్న పిల్లలు ఆ ఆసుపత్రికి రోజూ వచ్చేవారు. ఒక్క పన్నయితే బుజ్జగించి పని కానివ్వవచ్చు. అరడజను పళ్ళు ఒకేసారి బాగుచేయాలంటే మాత్రం పిల్లల్ని నిద్రపుచ్చక తప్పదు. నిద్రపుచ్చడం డాక్టర్ ఉమాశంకర్ పని. ఆయన పక్కనే ఉండి అన్నీ అమర్చిపెట్టడం వీరవేణి పని.

ఆమె అందరికంటే ముందు వచ్చేది. ఆక్సిజన్ సిలిండర్‌లో ఎంత ఉందో చూసేది. గొట్టాలన్నీ బిగించి, ఎక్కడైనా గాలి పోతోందేమోనని చెంప దగ్గర పెట్టుకుని చూసేది. పిల్లల మొహాలకు సరిపోయే మాస్కుల్ని చిన్నవీ పెద్దవీ వరసగా పేర్చి, లోపల స్ట్రాబెర్రీ వాసన వచ్చే చుక్క రాసేది. నోట్లోని తడిని లాగేసే యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో గ్లాసుడు నీళ్ళు పెట్టి పరీక్షించేది. పిల్ల నిద్రలోకి జారుకున్నాక ఆ చిన్న ఛాతీ ఎగిసిపడడం మీద నుంచి చూపు తిప్పేది కాదు. డాక్టరుగారు చెయ్యి చాపేసరికి కావలసిన వస్తువు ఆ చేతిలో ఉండేది.

"వీరవేణి సెలవు పెట్టిన రోజు నేనూ సెలవు పెడతాను" అని ఆయన నవ్వుతూ అనేవాడు.

ఆ పనిలో అన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది. మత్తు ఇచ్చే రోజు పొద్దున పిల్లల కడుపు ఖాళీగా ఉండాలి. మెలకువగా ఉన్నప్పుడు వాంతి వస్తే కక్కేస్తాం, పొలమారితే దగ్గుతాం. మత్తులో ఉన్న పిల్లకి అది చేతకాదు. కడుపులో ఉన్నది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. వీరవేణి పని నేర్చుకునే రోజుల్లో, మరో ఊళ్ళో, ఒక పిల్లవాడికి అలాగే జరిగింది. వాడు బతికి బయటపడ్డాడు. కానీ వాడి పెదవులు నీలంగా మారిన ఆ కాసేపూ ఆమె కళ్ళలోంచి పోలేదు. నేను ఉండగా ఏ పిల్లకీ ఇలా జరగనివ్వను అని ఆమె ఆ రోజే గట్టిగా అనుకుంది.

పట్టుదల మంచిదే. కాకపోతే వీరవేణి పట్టుదలంతా గొంతులోకి వచ్చి కూర్చుంది. పొద్దున్నే పిల్లలూ పెద్దలూ ఎదురుచూస్తూ కూర్చునే హాలు గుమ్మంలో నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని, "ఎవరైనా పిల్లలకి ఏమైనా పెట్టారా? నిజం చెప్పండి!" అని అడిగేది. దొంగ దొరికాడని తెలిశాక పోలీసులు అడిగినట్టు ఉండేది ఆ అడగడం. చంటిపిల్లలు ఉలిక్కిపడి తల్లుల చీర కుచ్చెళ్ళలో దూరిపోయేవారు.

ఒకరోజు సుగుణ అనే ఆమె తన కొడుకు చేతన్‌ని తీసుకొచ్చింది. వీరవేణి అడిగేసరికి సుగుణ లేచి నిలబడింది.

"అరముక్క ఇడ్లీ పెట్టానండి. పక్కింటి పిల్లలు తింటుంటే చూసి ఒకటే ఏడుపండి" అంది మెల్లగా.

"ఇడ్లీయా!" అంది వీరవేణి. హాలంతా తలలు తిప్పింది. "ఏమీ పెట్టొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పామా లేదా? మీకు చెవులున్నాయా? మీ చేత్తో మీరే పిల్లాణ్ణి చంపుకుంటారా?"

సుగుణ మొహం తెల్లబోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అమ్మ ఏడవడం చూసి చేతన్ కూడా మొదలుపెట్టాడు. అక్కడ కూర్చున్నవాళ్ళందరూ తలలు దించుకుని తమ తమ చెప్పుల్ని చూసుకున్నారు. చేతన్‌కి మళ్ళీ తేదీ దొరకడం వచ్చే నెలకి గానీ కుదరలేదు. తల్లీకొడుకులు ఏడుస్తూనే బయటికి నడిచారు.

ఒక ప్రమాదం తప్పించానని వీరవేణి ఆ రోజు తృప్తిగా ఇంటికి వెళ్ళింది. తప్పించిన మాట నిజమే. పిల్లవాణ్ణి వెనక్కి పంపడమూ సబబే. ఆ గొంతు మాత్రం ఆ హాల్లోనే ఉండిపోయింది, మర్నాడు వచ్చినవాళ్ళకీ వినిపించేంత గట్టిగా.

అక్కడి నుంచి ఒక వింత మొదలైంది. "ఏమైనా పెట్టారా?" అని అడిగితే ప్రతివాళ్ళూ "లేదండి" అనేవారు. అందరూ ఒకే మాట. ఒక్క తల్లి తడబడదు, ఒక్క తండ్రి నీళ్ళు నమలడు. వీరవేణి పొంగిపోయింది.

"చూశారా సార్? నెలరోజులుగా తినిపించి తీసుకొచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. గట్టిగా చెబితేనే వింటారు జనం" అంది.

ఉమాశంకర్‌గారు చేతులు కడుక్కుంటూ ఆగాడు.

"ఒక్కరూ లేరా? ఇంతమంది పిల్లల్లో ఒక్కరు కూడా ఆకలని ఏడవలేదా? ఒక్క అమ్మమ్మ మనసు కూడా కరగలేదా? ఎందుకో నాకు నమ్మబుద్ధి కావట్లేదమ్మా" అన్నాడు.

వీరవేణికి చురుక్కుమంది. తన కష్టాన్ని మెచ్చుకోకపోగా అనుమానిస్తాడేమిటని ఆ పూటంతా ఆయనతో ముభావంగా ఉంది. చేతికి అందించవలసినవి మాత్రం అందిస్తూనే ఉంది.

సుగుణ కొడుకు తేదీ మళ్ళీ వచ్చిన రోజే మోక్షిత అనే అయిదేళ్ళ పిల్ల కూడా ఆసుపత్రికి వచ్చింది. సముద్రం పక్కన ఒక పల్లె నుంచి అమ్మమ్మ బుల్లెమ్మ ఆమెను తీసుకొచ్చింది. తల్లి రొయ్యల కంపెనీలో పనిచేసేది. సెలవు దొరక్క రాలేకపోయింది. మోక్షితకి వెనక పళ్ళన్నీ పుచ్చిపోయి, కుడి చెంప బూరెలా పొంగింది. నొప్పితో పిల్ల నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. ఆ ఒక్క తేదీ కోసం ఆ ఇల్లంతా కళ్ళల్లో ఒత్తులు వేసుకుని ఎదురుచూసింది.

వీరవేణి హాల్లోకి వచ్చేసరికి బుల్లెమ్మ, సుగుణ ఒకే బెంచీ మీద కూర్చుని తలలు దగ్గర పెట్టుకుని ఏదో గుసగుసలాడుతున్నారు. ఆమెను చూడగానే ఇద్దరూ టక్కున విడిపోయారు.

"ఎవరైనా పిల్లలకి ఏమైనా పెట్టారా? నిజం చెప్పండి!"

"లేదండి" అంది హాలు.

"మీరు, మామ్మగారూ?"

"లేదమ్మా. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టించలేదు" అంది బుల్లెమ్మ. చెప్పేటప్పుడు వీరవేణి మొహం వైపు కాకుండా ఆమె మెడలోని గుర్తింపు కార్డు వైపు చూసింది.

మోక్షితను లోపలికి తీసుకెళ్ళి బల్ల మీద పడుకోబెట్టారు. పళ్ళ డాక్టరు నీరజ పనిముట్లు సర్దుకుంటోంది. ఉమాశంకర్‌గారు మందులు సిద్ధం చేసుకుంటున్నాడు. వీరవేణి పిల్ల వేలికి ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపే క్లిప్పు తగిలించి, చిన్న మాస్కు చేతిలోకి తీసుకుంది. ఆమె కోపమంతా పెద్దవాళ్ళ మీదే. పిల్లల దగ్గర ఆమె గొంతు వెన్నలా ఉండేది.

"నీ పేరేంటమ్మా?" అని అడిగింది.

"ఏమీ తినలేదండి" అంది మోక్షిత.

డాక్టర్ నీరజ ఫక్కున నవ్వింది. వీరవేణి కూడా నవ్వుతూ, "అది కాదమ్మా. బడికి వెళ్తున్నావా?" అంది.

"ఏమీ తినలేదండి."

"ఈ గౌను భలే ఉందే! ఎవరు కొన్నారు?"

పిల్ల కింది పెదవి వణికింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "ఏమీ తినలేదండి. ఒట్టండి" అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మాస్కు వీరవేణి చేతిలోనే ఆగిపోయింది. ఉమాశంకర్‌గారు సూదిని పళ్ళెంలో పెట్టేశాడు.

"ఏమంటావు వీరవేణీ?"

"ఈ పిల్ల ఏదో తింది సార్."

"నాకూ అలాగే అనిపిస్తోంది. కనుక్కుని రా."

వీరవేణి పిల్లను దింపి, చెయ్యి పట్టుకుని విసురుగా హాల్లోకి వచ్చింది. అలవాటైన చోటే నిలబడింది. అలవాటైన గొంతుతోనే అడిగింది.

"మామ్మగారూ! పిల్లకి ఏం పెట్టారు?"

"ఏం పెట్టలేదమ్మా."

"అబద్ధాలు చెప్పకండి!"

"నా తల్లి మీద ఒట్టమ్మా. మెతుకు పెట్టలేదు."

వీరవేణి గొంతు పెరిగేకొద్దీ బుల్లెమ్మ నోరు మరింత బిగుసుకుంది. పక్కవాళ్ళంతా గోడ మీది బొమ్మల్ని శ్రద్ధగా చూడసాగారు. మోక్షిత పరుగున వెళ్ళి అమ్మమ్మ వెనక నక్కింది. కొంగు చాటు నుంచి తొంగిచూసి, అడక్కుండానే, "ఏమీ తినలేదండి" అంది మళ్ళీ.

అప్పుడు వీరవేణి ఆ పిల్ల కళ్ళు చూసింది. సూదికి భయపడే పిల్లల కళ్ళు ఆమెకు బాగా తెలుసు. అవి సూది వైపు చూస్తాయి. ఈ కళ్ళు తన వైపు చూస్తున్నాయి. ఆమె వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళింది.

"చెప్పడం లేదు సార్" అంది.

"అయితే వాయిదా వేద్దాం. అనుమానం ఉండగా మత్తు ఇవ్వను" అన్నాడు ఉమాశంకర్‌గారు.

అది సులువైన దారి. ఎవరూ తప్పు పట్టరు. కానీ వీరవేణి కదల్లేదు. ఈ పిల్ల ఇవాళ వెనక్కి వెళుతుంది. మరో నెల నొప్పితో మెలికలు తిరుగుతుంది. ఆ తరవాత మళ్ళీ వస్తుంది. ఈసారి ఇంకా బాగా నేర్పి తీసుకొస్తారు. పేరు అడిగితే పేరు చెబుతుంది, బడి అడిగితే బడి చెబుతుంది, తిన్నావా అంటే లేదంటుంది. అప్పుడు ఎవరికీ అనుమానం కూడా రాదు.

"సార్, నాకు నిజం కావాలి. వాయిదా చాలదు" అంది. "పిల్ల తిందని తేలితే, కడుపు ఖాళీ అయ్యే వరకు ఆగి, సాయంత్రం చేస్తారా?"

"చేయవచ్చు. అసలు ఏం తిందో, ఎప్పుడు తిందో తెలియాలి కదా."

డాక్టర్ నీరజ అడ్డుపడింది. "ఇంకా చాలామంది పిల్లలున్నారు వీరవేణీ. అందరూ అయ్యేసరికే అలసిపోతాం. మళ్ళీ గది శుభ్రం చేసి, అన్నీ మొదటి నుంచి అమర్చాలంటే ఎవరుంటారు?"

"నేనుంటాను మేడం. గది నేనే కడుగుతాను. అన్నీ నేనే అమర్చుతాను. మీరు కాదనకండి. ఈ పిల్లకి ఇవాళే చేయాలి, నిజం తెలిసే చేయాలి."

ఆ మాటలో అరుపు లేదు. అయినా డాక్టర్ నీరజ ఇక కాదనలేకపోయింది.

వీరవేణి మళ్ళీ హాల్లోకి వచ్చింది. గుమ్మంలో ఆగలేదు. తిన్నగా బుల్లెమ్మ బెంచీ దగ్గరికి వెళ్ళి, ఆమె కాళ్ళ దగ్గర నేల మీద చతికిలబడింది. అంత కోపిష్ఠి మనిషి కింద కూర్చునేసరికి బుల్లెమ్మ కంగారుగా లేవబోయింది.

"కూర్చోండి మామ్మగారూ. ఇందాక అరిచాను. అరవకుండా ఉండవలసింది" అంది వీరవేణి. "పిల్లకి ఏం పెట్టారో చెప్పమని మళ్ళీ అడగను. ముందు నా మాట వినండి. పెట్టి ఉంటే మిమ్మల్ని వెనక్కి పంపం. సాయంత్రం దాకా ఆగి, ఇవాళే చేస్తారు. డాక్టర్లిద్దరినీ ఒప్పించాను. అంతవరకు నేనూ ఇక్కడే మీతో ఉంటాను. ఒక్క మాట కూడా అనను."

బుల్లెమ్మ నమ్మలేనట్టు చూసింది.

"పెట్టకపోతే ఇప్పుడే చేస్తారు. కానీ కడుపులో ఏదైనా ఉండగా మత్తు ఇస్తే అది పైకి వచ్చి ఊపిరికి అడ్డం పడుతుంది. పిల్ల దగ్గలేదు, ఏడవలేదు. అప్పుడు మేము ఎంతమంది ఉన్నా చేతులు నలుపుకోవడమే. ఒకసారి చూశాను మామ్మగారూ. ఆ పిల్లవాడి పెదవులు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి. అందుకే అరుస్తాను. నాకు భయం."

ఇన్నాళ్ళూ ఆ హాల్లో భయపెట్టినావిడకి కూడా భయమేనా! బుల్లెమ్మ చేతిలోని సంచి జారి కింద పడింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది.

"పెరుగన్నం పెట్టానమ్మా" అంది. "పొద్దున్న బయలుదేరే ముందు. వారం రోజుల్నించి నొప్పికి తిండే లేదు తల్లీ దీనికి. ముద్ద నోటి దగ్గర పెడితే మొహం తిప్పేసుకునేది. ఇవాళ పొద్దున్న దానంతటది వచ్చి, 'అమ్మమ్మా, ఆకలేత్తంది' అంది. అన్నాళ్ళకి నోరు తెరిచి అడిగితే ఎలా కాదనను? చల్లగా ఉంటదని పెరుగేసి మెత్తగా కలిపి పెట్టాను. గిన్నెడూ తినేసింది. ఇక్కడికొచ్చాక తెలిసింది, చెబితే ఎనక్కి పంపేత్తారని. అడిగితే ఏమీ తినలేదని చెప్పమని దీనికి నేర్పాను. పాపిష్టిదాన్ని!"

"మీరు పాపిష్టివారు కాదు. ఆకలన్న పిల్లకి అన్నం పెట్టారు. అది చెప్పే వీలు లేకుండా చేసింది నేను" అంది వీరవేణి.

మోక్షిత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అమ్మమ్మ ఏడుస్తోంది, ఆవిడ అరవడం లేదు. ఏం జరుగుతోందో ఆ చిన్న బుర్రకి అర్థం కాలేదు. పొద్దున్నుంచీ బిగబట్టుకున్న ఏడుపంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చి, ఏడుపులోనే భళ్ళున వాంతి చేసుకుంది. వీరవేణి చప్పున పిల్లను ముందుకు వంచి పట్టుకుంది. పెరుగన్నమంతా ఆమె ఒళ్ళో పడింది. మెతుకులు మెతుకులుగా అలాగే ఉంది.

వీరవేణి ఆ మెతుకుల వైపు చూస్తూ ఉండిపోయింది. కాసేపటి కిందట మాస్కు తన చేతిలోనే ఉంది. ఇంకొక్క నిమిషం గడిచి ఉంటే ఇదంతా ఎటు పోయేదో ఆమెకు తెలుసు. పిల్లను గట్టిగా గుండెకి హత్తుకుంది. చీరంతా ఖరాబైనా పట్టించుకోలేదు.

అప్పుడు సుగుణ లేచి నిలబడింది.

"మామ్మగారికి అలా చెప్పమని చెప్పింది నేనేనండి" అంది. "మామ్మగారికే కాదు. పొద్దున్న నా పక్కన కూర్చున్న అందరికీ చెప్పాను. పోయిన నెల ఈ హాల్లో నిజం చెప్పింది నేనొక్కదాన్నే. తిట్లు తిన్నదీ నేనొక్కదాన్నే. ఇవాళ మావాడికి నిజంగానే ఏమీ పెట్టలేదు. కానీ మీ గొంతు వింటే, పెట్టి ఉన్నా చెప్పేదాన్ని కాదండి."

వీరవేణికి చెంప మీద కొట్టినట్టయింది. కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికి అందులో అబద్ధం ఏముంది?

"ఆ రోజు మీరు చేసింది మంచి పని. నేను చేసింది కాదు" అంది. "నలుగురిలో మిమ్మల్ని అన్నాను. నలుగురిలోనే చెబుతున్నాను, నన్ను క్షమించండి."

సుగుణ తన సంచిలోంచి తువ్వాలు తీసి, వంగి, వీరవేణి ఒడిని తుడవసాగింది.

మూల బెంచీ మీద కూర్చున్న గళ్ళ చొక్కా ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆయన కూతురి పేరు మోక్షిత తరవాత పిలవవలసిన పేరు.

"అమ్మా, మరి... మా పాప కూడా వచ్చేటప్పుడు ఆటోలో బిస్కెట్టు తిందండి. ఒక్కటేనండి. ఒక్కటికి ఏమవుద్దిలే అనుకున్నానండి."

వీరవేణి కళ్ళు మూసుకుంది. ఒక్క పూటలో ఇద్దరు. నెలరోజులుగా "లేదండి, లేదండి" అని చెప్పి లోపలికి పంపినవాళ్ళలో ఎంతమంది ఉన్నారో! వాళ్ళందరూ క్షేమంగా లేచి ఇళ్ళకి వెళ్ళారంటే అందులో తన గొప్పతనం ఏమీ లేదు, అదృష్టం తప్ప. ఏ లెక్క చూసి పొంగిపోయిందో ఆ లెక్క ఉత్తదేనని తేలిపోయింది. కాసేపటికి కళ్ళు తెరిచి, "చెప్పారు, మంచి పని చేశారు. మీ పాపకి కూడా సాయంత్రమే చేయిద్దాం" అంది. ఆయన గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

ముందుగా చేతన్‌కి చేశారు. ఆ తరవాత మిగతా పిల్లలకి. మధ్యమధ్య తీరిక దొరికినప్పుడల్లా వీరవేణి హాల్లోకి వచ్చి మోక్షిత పక్కన కూర్చునేది. డాక్టర్ నీరజ చిగుళ్ళకి మందు రాయడంతో పిల్లకి నొప్పి కాస్త సద్దుమణిగింది. వీరవేణి ఒక చిన్న మాస్కు తెచ్చి ఆమె చేతికిచ్చింది. మోక్షిత దాన్ని వాసన చూసింది, తిప్పి చూసింది, చివరికి తీసుకెళ్ళి వీరవేణి ముక్కుకే పెట్టింది.

"నువ్వు పడుకో" అంది. "ఏమైనా తిన్నావా?"

"తిన్నానమ్మా. రెండు పెసరట్లు, ఉప్మా వేసుకుని మరీ తిన్నాను" అంది వీరవేణి.

మోక్షిత గబుక్కున గుమ్మం వైపు చూసింది, ఎవరైనా వచ్చి కేకలేస్తారేమోనని. ఎవరూ రాలేదు. పిల్ల కాసేపు ఆలోచించి, పెద్దరికంగా తల ఊపింది.

"అయితే తిట్టనులే. సాయంత్రం చేస్తాను" అంది.

బుల్లెమ్మ పకపకా నవ్వింది. వీరవేణి కూడా నవ్వింది గానీ మాస్కు పైన ఆమె కళ్ళు చెమర్చాయి.

పొద్దు వాలేవేళకి గది కడిగి, గొట్టాలన్నీ మళ్ళీ బిగించి, గ్లాసుడు నీళ్ళతో యంత్రాన్ని మళ్ళీ పరీక్షించి వీరవేణి అంతా సిద్ధం చేసింది. అలసటతో కాళ్ళు లాగుతున్నా ఒక్కటీ వదలలేదు. మోక్షిత తానే నడిచి వచ్చి బల్ల ఎక్కింది.

"నీ పేరేంటమ్మా?" అన్నాడు ఉమాశంకర్‌గారు.

"మోక్షిత" అంది పిల్ల, ఇప్పటిదాకా ఎవరూ అడగనే లేదన్నట్టు చూస్తూ.

పుచ్చిపోయినవి తీసేసి, బాగుపడేవి బాగుచేసి, డాక్టర్ నీరజ పని ముగించింది. అంతసేపూ పిల్ల ఛాతీ హాయిగా ఎగిసిపడుతూనే ఉంది. పెదవులు గులాబీ రంగులోనే ఉన్నాయి. మెలకువ రాగానే మోక్షిత మత్తు మత్తుగా అమ్మమ్మ కోసం చూసి, "పెరుగన్నం" అంది. ఉమాశంకర్‌గారు నవ్వి, కాసేపాగి చల్లగా పెట్టమన్నాడు.

మర్నాటి నుంచి వీరవేణి గుమ్మంలో నిలబడడం మానేసింది. పొద్దున్నే వచ్చి బెంచీ మీద ఒక్కొక్కరి పక్కనా కూర్చుని, "పిల్లలు ఆకలికి ఆగరని నాకు తెలుసు. ఏమైనా పెట్టి ఉంటే చెప్పండి, చివర్లో చేయిద్దాం. పెట్టకూడదని ఎందుకంటామో కూడా చెబుతాను" అనేది. నియమాన్ని మాత్రం వెంట్రుకవాసి కూడా సడలించలేదు. కడుపు ఖాళీ కాని పిల్లను ఎవరెంత బతిమాలినా లోపలికి పోనిచ్చేది కాదు. గొంతు తగ్గింది గానీ పట్టు తగ్గలేదు.

విచిత్రమేమిటంటే, ఆ తరవాత "పెట్టామండి" అని చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు. పాలు పట్టామని ఒకరు, లడ్డూ ముక్క పెట్టామని ఒకరు, ఎప్పుడు తిన్నాడో గానీ మూతికి బెల్లం అంటుకుని ఉందని ఒకరు. పనులు వెనకా ముందూ అయ్యేవి. సాయంత్రాలు ఆలస్యమయ్యేవి.

"జనం మారలేదు సార్. పెడుతూనే ఉన్నారు" అంది వీరవేణి ఒకరోజు, గొట్టాలు బిగిస్తూ.

"పెట్టడం వాళ్ళు ఎప్పుడూ మానలేదమ్మా. చెప్పడం ఇప్పుడు మొదలుపెట్టారు" అన్నాడు ఉమాశంకర్‌గారు. "అయినా ఇప్పుడే నాకు నమ్మకంగా ఉంది."

నీతి: నిజం చెప్పినవారిని శిక్షిస్తే మన చెవికి చేరేవి అబద్ధాలే. నిజం కావాలనుకునేవారు ముందుగా, దాన్ని భయం లేకుండా చెప్పే వీలు ఎదుటివారికి కల్పించాలి.